గూఢచారుల వేటగాడు బాసిల్ రాత్‌బోన్

యుగంధర్ నవల చేతిలో ఉంటే స్టడీ అవర్ ఎప్పుడు అయిపోయిందో తెలియని వాళ్ళు మన సీనియర్లలో చాలామందే ఉన్నారు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఎలాగో, ఇంగ్లీషులో కానన్ డాయల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్ అలాగ. ఆ హోమ్స్ పాత్రను తెర మీద ఎందరో వేశారు. కానీ పాత తరం ప్రేక్షకులకు హోమ్స్ అనగానే గుర్తొచ్చేది ఒకే ముఖం. కోల ముఖం, కొనదేరిన ముక్కు, చురుకైన చూపు. ఆయనే బాసిల్ రాత్‌బోన్. సినిమాల్లో గూఢచారులను వెంటాడిన ఈ నటుడు నిజజీవితంలో యుద్ధరంగంలో నిఘా అధికారిగా పనిచేసి పతకం పొందారు. ఆయన సినిమాలు చూసిన వాళ్ళలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాం.

రాత్‌బోన్ 1892 జూన్ 13న దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి ఎడ్గార్ గనుల ఇంజనీరు, తల్లి అన్నా వయొలిన్ విద్వాంసురాలు. అప్పుడు అక్కడ పాలన బోయర్లది. 1895 చివర్లో బ్రిటిష్ వారి పక్షాన జేమ్‌సన్ అనే ఆయన కొంత బలగంతో దాడి చేసి ఓడిపోయాడు. ఆ దెబ్బతో అక్కడున్న ఇంగ్లీషు వాళ్ళ మీద అనుమానం పెరిగింది. ఎడ్గార్ బ్రిటిష్ గూఢచారి అని బోయర్లు నింద వేశారు. మూడేళ్ళ బాసిల్‌ను తీసుకుని ఆ కుటుంబం ఇంగ్లండుకు పారిపోవలసి వచ్చింది.

చదువు రెప్టన్ అనే బడిలో సాగింది. మనలాగే ఆయనా ఇంటికి దూరంగా ఉండి చదువుకున్నారు. కాకపోతే అది డబ్బున్న వాళ్ళ బడి, పోలిక అక్కడితో ఆపేద్దాం. పుస్తకాల కంటే ఆటలూ నాటకాలే ఆయనకు ఇష్టం. తండ్రి మాట కాదనలేక ఒక ఏడాది బీమా కంపెనీలో పనిచేశారు. తర్వాత 1911లో బంధువైన ఫ్రాంక్ బెన్సన్ నాటక సమాజంలో చేరి షేక్‌స్పియర్ నాటకాల్లో చిన్న చిన్న వేషాలు వేశారు.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. రాత్‌బోన్ 1916లో లండన్ స్కాటిష్ దళంలో మామూలు సిపాయిగా చేరి, తర్వాత లివర్‌పూల్ స్కాటిష్ దళంలో అధికారి అయ్యారు. ఆయనకు అప్పగించిన పని నిఘా. శత్రువు కందకాల్లో ఉన్న దళం ఏది, మరతుపాకులు ఎక్కడ పెట్టారు అన్నది కనిపెట్టాలి. రెండు సైన్యాల కందకాల నడుమ ఎవరిదీ కాని నేల ఉంటుంది. మామూలుగా దాన్ని చీకట్లో పాకుతూ దాటేవారు. 1918 జూన్‌లో తమ్ముడు జాన్ యుద్ధంలో చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది వారాలకే రాత్‌బోన్ పట్టపగలు వెళ్ళి చూసి వస్తానని పై అధికారులను ఒప్పించారు. ముఖానికి మసి పూసుకుని, ఒంటికి ఆకులూ కొమ్మలూ కట్టుకుని, చెట్టులా కనబడుతూ అంగుళం అంగుళం ముందుకు జరిగేవారు. ఆ సాహసానికి మిలిటరీ క్రాస్ పతకం ఇచ్చారు. తమ్ముడి చావుకూ ఆ తెగింపుకూ సంబంధం ఉందనే మాకు అనిపిస్తుంది.

యుద్ధం తర్వాత మళ్ళీ నాటకాలు, ఆపైన అమెరికా, అక్కడినుంచి హాలీవుడ్. 1930లలో ఆయనకు ఎక్కువగా దక్కినవి విలన్ వేషాలే. కత్తియుద్ధంలో ఆయనది గొప్ప చేయి. అయినా రాబిన్‌హుడ్ (1938), జోరో (1940) సినిమాల్లో హీరో చేతిలో ఓడిపోవడమే ఆయన వంతు! సహాయ నటుడిగా రెండుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు కానీ బహుమతి రాలేదు.

1939లో ట్వెంటీయెత్ సెంచురీ ఫాక్స్ వారు ఆయనను హోమ్స్‌గా పెట్టి రెండు సినిమాలు తీశారు. డాక్టర్ వాట్సన్‌గా నైజెల్ బ్రూస్ వేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో తీవ్రంగా గాయపడిన మనిషి ఆయన. ఆ రెండూ గుర్రపు బగ్గీల కాలం కథలు. 1942లో యూనివర్సల్ సంస్థ హోమ్స్‌ను ఏకంగా రెండో ప్రపంచయుద్ధంలోకి దింపింది. కొందరు అభిమానులకు ఇది నచ్చలేదు. మాకు మాత్రం అందులో తప్పు కనబడదు. బాంబులు పడుతున్న లండన్‌లో తెలివితేటలతో శత్రువును పట్టే మనిషి కావాలని జనం కోరుకున్నారు.

మొదటి చిత్రంలో నాజీ రేడియో గొంతు ఒకటి జరగబోయే విధ్వంసాలను ముందే చాటుతుంటుంది. అది ఎవరి పనో హోమ్స్ తేల్చాలి. రెండోదైన 'సీక్రెట్ వెపన్' ఇంకా బాగుంటుంది. విమానంలోంచి బాంబును గురిగా వేసే సాధనాన్ని ఒక స్విస్ శాస్త్రవేత్త కనిపెడతాడు. హోమ్స్ ముసలి పుస్తకాల వ్యాపారి వేషంలో వెళ్ళి, జర్మన్ల కన్నుగప్పి అతణ్ణి లండన్‌కు తెస్తాడు. శాస్త్రవేత్త ఆ సాధనాన్ని భాగాలుగా విడదీసి వేర్వేరు వ్యక్తుల దగ్గర దాస్తాడు. వాళ్ళ పేర్లు నాట్యం చేసే బొమ్మల లిపిలో ఉంటాయి. ఆ లిపి డాయల్ కథలోదే. మొరియార్టీ దాన్ని సంపాదించి నాజీలకు అమ్మాలని చూస్తాడు. గంటా పది నిమిషాల్లోపే అంతా అయిపోతుంది, ఊపిరి తీసుకోనివ్వదు. మూడో సినిమాలో రహస్య పత్రాల ఫిల్ము అగ్గిపుల్లల మడతలో దాగి చేతులు మారుతుంటుంది. పట్టుకున్న వాళ్ళకే తమ చేతిలో ఏముందో తెలియదు.

1946 నాటికి మొత్తం 14 సినిమాలు, వాటితోపాటు ఏళ్ళ తరబడి రేడియో నాటకాలు. అక్కడే చిక్కు వచ్చింది. వీధిలో ఎదురైన వాళ్ళు ఆయనను రాత్‌బోన్ అనడం మానేసి హోమ్స్ అనే పిలిచేవారు. మన పేరు వదిలేసి హాస్టల్ వాళ్ళు అని పిలిస్తే మన మనసుకు ఎలా ఉంటుందో మనకు తెలుసు. పేరొచ్చిన పాత్రే అయినా ఆయనకు అలాగే అయింది. కాంట్రాక్టు పొడిగించడానికి ఒప్పుకోక న్యూయార్క్ వెళ్ళిపోయారు. దీనికి మిత్రుడు బ్రూస్ నొచ్చుకున్నారు, ఆయన రేడియోలో వేరే హోమ్స్‌తో కొనసాగారు. రాత్‌బోన్ మాత్రం 'ది హెయిరెస్' నాటకంలో కఠినుడైన తండ్రిగా నటించి 1948లో టోనీ అవార్డు అందుకున్నారు. హోమ్స్ లేకుండా తాను నటుడినేనని చూపించగలిగారు.

అయితే హోమ్స్ ఆయనను వదల్లేదు. భార్య ఊయిడా రాసిన హోమ్స్ నాటకంతో 1953లో మళ్ళీ రంగస్థలం ఎక్కారు. అది మూడు ప్రదర్శనలతోనే మూతపడింది. అదే నెలలో, నాటకం మొదలు కాకముందే, బ్రూస్ కన్నుమూశారు. ఆ తర్వాత ఇల్లు గడవడానికి వచ్చిన వేషమల్లా వేశారు. 1962లో ఆత్మకథ వెలువరించారు. చివరి రోజుల్లో నటించిన వాటిలో దయ్యాల కొంప మీద తీసిన ఒక చౌకబారు హాస్య చిత్రం ఉంది. అందులో రాకెట్ ఇంధనం రహస్యం కోసం తిరిగే గూఢచారుల ముఠాలో ఆయన ఒకరు. ఆ సినిమా వచ్చిన 1967లోనే, జూలై 21న, న్యూయార్క్‌లో గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్ళు.