జె.సి.ఆర్. లిక్‌లైడర్

జోసెఫ్ కార్ల్ రాబ్నెట్ లిక్‌లైడర్ (మార్చి 11, 1915 - జూన్ 26, 1990) అమెరికాకు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, కంప్యూటరు రంగములో మార్గదర్శకుడు. ఒకే కంప్యూటరును అనేకమంది పంచుకొనే పద్ధతి వ్యాప్తికి, దూరప్రాంతాలలోని కంప్యూటర్లను కలిపి వాటి వనరులను అందరికీ అందించాలనే ఆలోచనకు పునాది వేసినవారిలో ఈయన ముఖ్యుడు. ఈయన స్వయముగా ఏ నెట్‌వర్కునూ నిర్మించలేదు. అయినప్పటికీ అంతర్జాల చరిత్ర చాలావరకు ఈయన పేరుతోనే మొదలవుతుంది. సహచరులు ఈయనను లిక్ అని పిలిచేవారు.

బాల్యము, విద్యాభ్యాసము

లిక్‌లైడర్ మిస్సోరీ రాష్ట్రములోని సెయింట్ లూయిస్ నగరములో జన్మించాడు. తల్లిదండ్రులకు ఈయన ఏకైక సంతానము. తండ్రి బాప్టిస్టు మతబోధకుడు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో 1937లో భౌతిక, గణిత, మనోవిజ్ఞాన శాస్త్రాలలో పట్టభద్రుడై, మరుసటి సంవత్సరము మనోవిజ్ఞానములో స్నాతకోత్తర పట్టా పొందాడు. వినికిడికి సంబంధించిన పరిశోధనకు 1942లో రోచెస్టర్ విశ్వవిద్యాలయము నుండి డాక్టరేటు లభించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో హార్వర్డ్ విశ్వవిద్యాలయములో చేరి, విమానాల రొదలో మాట స్పష్టముగా వినిపించే మార్గాలపై పరిశోధించాడు.

కంప్యూటరు రంగ ప్రవేశము

1950లో లిక్‌లైడర్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)కు మారాడు. 1957లో బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ సంవత్సరమే తన పని సమయాన్ని తానే లెక్కగట్టుకొని చూడగా, ఆలోచనకని కేటాయించిన కాలములో దాదాపు 85 శాతము సమాచారము వెతకడానికి, లెక్కలు వేయడానికి, పటాలు గీయడానికే పోతున్నదని తేలింది. ఈ శ్రమను యంత్రానికి అప్పగించి మనిషి ఆలోచనకు పరిమితము కావాలని 1960లో ప్రచురించిన వ్యాసములో ప్రతిపాదించాడు. మనిషి, యంత్రము పరస్పరము ఆధారపడి పనిచేయడము ఆ వ్యాస సారాంశము.

అయితే ఆనాడు కంప్యూటరు ముందు కూర్చొని పనిచేసే అవకాశము బహు కొద్దిమందికే ఉండేది. మిగిలినవారు రంధ్రాలు చేసిన కార్డుల కట్టను నిర్వాహకులకు అప్పగించి, ఫలితము కోసము గంటలు, ఒక్కొక్కసారి రోజులు వేచియుండేవారు. కార్డులో ఒక తప్పు దొర్లితే మళ్ళీ మొదటికి రావలసిందే.

వాడుకరులు, పంపకాలు

దీనికి పరిష్కారము టైమ్ షేరింగ్ అనే పద్ధతి. ఇందులో కంప్యూటరు తన కాలాన్ని అతిచిన్న భాగాలుగా చేసి, అనేక టెర్మినళ్ళకు వంతులవారీగా కేటాయిస్తుంది. వంతులు వేగముగా తిరుగుతాయి కనుక యంత్రము తన ఒక్కరికే పనిచేస్తున్నట్లు ప్రతివారికీ అనిపిస్తుంది. ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందము ఇటువంటి వ్యవస్థను 1961 నవంబరులో ప్రదర్శించింది.

ఈ పంపకముతో కొత్త సమస్యలు వచ్చాయి. ఎవరి ఫైళ్ళు వారివే కావాలి. ఎవరికి ఎంత కాలము, ఎంత నిల్వ స్థలము ఇవ్వాలో నిర్ణయించాలి. అందుకే ప్రతి వాడుకరికీ ఒక గుర్తింపు, ఒక సంకేతపదము, ఒక పరిమితి ఏర్పడ్డాయి. తనకు కేటాయించిన గంటలు చాలక ఒక పరిశోధక విద్యార్థి 1962లో సంకేతపదాల జాబితాను ముద్రించుకొని ఇతరుల కాలాన్ని వాడుకొన్నాడు. కంప్యూటరు భద్రత అనే సమస్య ఆ రోజులనుండే ఉన్నదనడానికి ఇది నిదర్శనము.

ఆర్పాలో సేవలు

1962 అక్టోబరులో లిక్‌లైడర్ అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పా సంస్థలో సమాచార విభాగానికి అధిపతి అయ్యాడు. 1963లో ఎం.ఐ.టి.లో ప్రాజెక్ట్ మాక్ ఈయన అందించిన నిధులతోనే ప్రారంభమైంది. కాలిఫోర్నియాలోని విశ్వవిద్యాలయాలకు, పరిశోధనా కేంద్రాలకు కూడా సహాయము అందింది.

1963 ఏప్రిల్ 23న ఈ కేంద్రాల పరిశోధకులకు ఈయన ఒక లేఖ పంపాడు. వారి బృందానికి నక్షత్ర మండలాల నడుమ విస్తరించిన నెట్‌వర్కు అని హాస్యముగా పేరు పెట్టినా, అందులోని ప్రశ్న గంభీరమైనది. ఒక్కొక్క కేంద్రము ఒక్కొక్క భాష, ఒక్కొక్క ఫైలు పద్ధతి పాటిస్తే, ఒకచోటి ప్రోగ్రామును మరొకచోటివారు ఎట్లా వాడుకోగలరు? కాబట్టి ముందుగా అందరూ కొన్ని ఉమ్మడి నియమాలకు అంగీకరించాలని ఈయన భావించాడు.

1964లో లిక్‌లైడర్ ఆర్పాను విడిచి ఐ.బి.ఎం.లో చేరాడు. 1966లో ఆ విభాగానికి అధిపతియైన రాబర్ట్ టేలర్ కార్యాలయములో మూడు టెర్మినళ్ళు ఉండేవి. మూడూ మూడు వేరువేరు కంప్యూటర్లకు చెందినవి. ఒక్కొక్కదానిలో ప్రవేశించే విధానము వేరు. ఈ ఇబ్బందియే నెట్‌వర్కు నిర్మాణానికి ప్రేరణ అయింది. లారెన్స్ రాబర్ట్స్ ఆధ్వర్యములో రూపొందిన ఆర్పానెట్ మీద 1969 అక్టోబరు 29న తొలి సందేశము పంపారు. దూరములోని కంప్యూటరులో ప్రవేశించడానికి చేసిన ఆ ప్రయత్నములో రెండు అక్షరాలు చేరగానే వ్యవస్థ ఆగిపోయింది. తరువాత ఆ రోజే మళ్ళీ ప్రయత్నించి సఫలమయ్యారు.

చివరి రోజులు

లిక్‌లైడర్ ఎం.ఐ.టి.కి తిరిగివచ్చి 1968 నుండి 1970 వరకు ప్రాజెక్ట్ మాక్ సంచాలకుడుగా పనిచేశాడు. 1974-75లో మరల ఆర్పా విభాగానికి అధిపతిగా వ్యవహరించాడు. 1985లో అధ్యాపక వృత్తినుండి విరమించాడు. 1990 జూన్ 26న మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్‌లో మరణించాడు. 2013లో ఈయన పేరును ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

ప్రభావము

ప్రాజెక్ట్ మాక్‌లో మొదలైన మల్టిక్స్ వ్యవస్థలో, ఏ ఫైలును ఎవరు చదవవచ్చో, ఎవరు మార్చవచ్చో తెలిపే అనుమతి జాబితాలు రూపొందాయి. మల్టిక్స్ అనుభవమునుండే 1969లో బెల్ ప్రయోగశాలలో యునిక్స్ పుట్టింది. నేడు కార్యాలయాలలో, కళాశాలలలో ఒకే ప్రింటరును, ఒకే ఫైళ్ళ భాండాగారాన్ని వందలమంది పంచుకొనే పద్ధతికి మూలము, విలువైన యంత్రము ఏ ఒక్కరి సొత్తు కారాదన్న ఆనాటి ఆలోచనలోనే ఉన్నది.

ఇవి కూడా చూడండి

ఆర్పానెట్
యునిక్స్
అంతర్జాలము