క్లౌ దొర వదులుకున్నది

కులసమాజంలో వినయం ఎప్పుడూ కిందివారి వంతే. చెప్పులు చేతబట్టుకుని ఊళ్లోకి రావడం, అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడడం, పిలిచిన పనికి కూలి అడగకుండా పోవడం మన పల్లెల్లో వినయంగా చలామణి అయ్యాయి. అలాంటి సమాజానికి క్రైస్తవం వచ్చి తమను తాము తగ్గించుకోమని, సేవ చేయమని బోధిస్తే అది వెట్టికి మరో పేరు కాదా? దళిత ఆలోచనాపరులు చాలాకాలంగా అడుగుతున్న ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. దీనికి సమాధానాన్ని వేదాంత గ్రంథాల్లో కన్నా ఒంగోలు ప్రాంత చరిత్రలో, జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ జీవితంలో వెతకడం మేలని నా అభిప్రాయం. ఒంగోలు చుట్టుపట్ల వాడల్లో ఆయన నేటికీ క్లౌ దొరే.

1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన క్లౌ యువకుడిగా సర్వే పనులు చేశారు. న్యాయవాది కావాలనుకున్నారు. అయోవా రాష్ట్రంలో చదువుకుంటున్న రోజుల్లో బాప్టిస్టు విశ్వాసం స్వీకరించి, 1865లో భార్య హ్యారియెట్‌తో కలిసి నెల్లూరు చేరారు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు అప్పటికి దాదాపు ముప్పయ్యేళ్లు. ఇన్నేళ్లలో చేరిన విశ్వాసులు బహు కొద్దిమంది. ఆ మిషన్‌ను మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది కూడా. అంటే, ఫలితం చూపించి తీరవలసిన ఒత్తిడిలో ఆయన 1866లో ఒంగోలులో అడుగుపెట్టారు.

ఆ ఒత్తిడికి తగిన అవకాశమూ ఎదురుగానే కనిపించింది. ఒంగోలు అగ్రవర్ణాల పెద్దలు తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలని అడిగారు. క్లౌ బడి తెరిచారు. పై కులాలు వస్తే కింది కులాలు వాటి వెంట వస్తాయన్నది ఆనాటి చాలామంది మిషనరీల అంచనా. అయితే ఒంగోలులో కథ వేరుగా నడిచింది.

దాన్ని వేరుగా నడిపినవారు యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవారు. యోగమార్గంలో గురువుల వద్ద ఉపదేశం పొంది, అది చాలక ఇంకా వెతుకుతూ వచ్చిన సాధకులు. తోళ్ల కొనుగోలుకు ఉత్తరాదిన ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విన్నారు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టక ముందే జూయెట్ అనే మిషనరీ చేత బాప్తిస్మం పొంది, స్వజనం మధ్య బోధ మొదలుపెట్టారు. క్లౌ మాదిగలను ఎంచుకున్నారని చెప్పడం చరిత్రను తిరగేసి చెప్పడమే. మాదిగలే తమ గురువుతో, తమ వెతుకులాటతో క్లౌ గుమ్మానికి వచ్చారు.

వాళ్లు వచ్చేసరికి అగ్రవర్ణ పెద్దలు ఎటో ఒకవైపు తేల్చుకోమన్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని స్పష్టం చేశారు. ఆ సందిగ్ధంలో వేర్వేరు గదుల్లో ఉన్న భార్యాభర్తలిద్దరూ బైబిలు తెరిస్తే ఒకే భాగం కనిపించిందని క్లౌ ఆత్మకథ చెబుతుంది. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి లేఖ మొదటి అధ్యాయంలో, లోకం నీచంగా చూసినవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. యాదృచ్ఛికమా, దైవ నిర్దేశమా అన్నది ఎవరి విశ్వాసం వారిది. చరిత్ర విద్యార్థిగా నాకు ముఖ్యమైంది ఆ తర్వాత జరిగింది. క్లౌ మాదిగలను చేర్చుకున్నారు. అగ్రవర్ణాల పిల్లలు బడి విడిచిపెట్టారు. ఊరి పెద్దల సరసన దక్కబోయిన గౌరవాన్ని, మిషన్‌కు చూపించదగ్గ ఘనతను ఆయన వదులుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం కేవలం ఎనిమిది మందితో మొదలైంది.

వినయం అనే మాటకు ఇక్కడ అర్థం మారుతుంది. లేనివాడు వంగితే అది లొంగుబాటు. ఉన్నవాడు తన దగ్గరున్నది వదులుకుంటే అది సేవ. క్లౌ వాడకు వినయాన్ని బోధించడం కన్నా ముందు వాడ కోసం తాను కొంత పోగొట్టుకున్నారు.

ఆ వాడ మాత్రం వినయం చూపడం మానేసింది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన మాదిగలు చచ్చిన పశువు మాంసం తినబోమన్నారు. గ్రామదేవతల జాతరల్లో డప్పు కొట్టబోమన్నారు. ఆదివారం పనికి రాబోమన్నారు. ఊరు ఊరుకోలేదు. పనులు ఆగిపోయాయి, నీళ్లకు దారి మూసుకుపోయింది, దెబ్బలూ తప్పలేదు. క్రైస్తవులు ఆత్మీయ భద్రత అని పిలుచుకునేది ఏమిటో ఈ సందర్భంలోనే నాకు అర్థమవుతుంది. అది కష్టాలు రావన్న పూచీ కాదు. నీ పుట్టుకలో మైల లేదన్న నిశ్చయం. తిండి, నీళ్లు కరువైనా వెనక్కి వెళ్లి మళ్లీ డప్పు పట్టుకోనివ్వని ధైర్యం ఆ నిశ్చయం నుంచే వచ్చింది.

1876–78 నాటి మహా క్షామం ఈ విశ్వాసానికీ సేవకూ పెద్ద పరీక్ష. ఆకలితో జనం రాలిపోతున్న వేళ, సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. మాదిగ బోధకులే ఆ పనికి అజమాయిషీదారులయ్యారు. అదే కాలంలో ఆయన మరో నిర్ణయం తీసుకున్నారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలు నిలిపివేశారు. సంఖ్యలు కోరుకునే మిషనరీకి ఇది తేలికైన నిర్ణయం కాదు. కరువు పనులు ముగిశాక కూడా జనం వెనక్కి వెళ్లలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడత ఇద్దరు చొప్పున. ఆ చారిత్రక దినాన క్లౌ స్వయంగా నీళ్లలోకి దిగలేదు. ఆ ఏడాది ముగిసేసరికి కొత్తగా చేరినవారు 9,606 మంది.

ఆయనను మహాత్ముడిగా నిలబెట్టాలని నేను ఇది రాయడం లేదు. ఆయన దొర. బంగళాలో నివసించారు. తెల్లవాడు కావడం వల్ల కలెక్టరు దగ్గర ఆయన మాటకు విలువ ఉండేది, ఆ విలువ సామ్రాజ్యం ఇచ్చినదే. నీళ్లలో నిలబడి వేలమందికి బాప్తిస్మమిచ్చిన బోధకులను ఎరిగినవారు నేడు ఎందరు? పేరయ్య జీవితం, మాదిగల మాతంగి, అరుంధతి గాథలు కొంతైనా అక్షరబద్ధమయ్యాయంటే క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో వెలువరించిన గ్రంథం ఒక ముఖ్య కారణం. క్లౌ 1910లో అమెరికాలో మరణించారు.

ఆయన వారసులమని చెప్పుకునే సంఘాలు ఈ చరిత్ర ముందు ఎలా నిలుస్తాయి? ఏ మిషన్ సంఘమో చెబితే అందులో ఏ కులంవారు ఎక్కువో చెప్పగలిగే స్థితి తెలుగు నేల మీద చాలాచోట్ల ఉంది. మాల సంఘం, మాదిగ సంఘం అన్న గీతలు బల్లారాధన దగ్గర కనిపించకపోయినా పెళ్లి సంబంధాల దగ్గర కనిపిస్తాయి. మిషన్ ఆస్తుల మీద పెత్తనం కోసం కోర్టుకెక్కే పెద్దలు ఆదివారం వేదిక మీద వినయం గురించి ప్రసంగిస్తారు. ఆ ప్రసంగం వినేది కూలి చేసుకుని వచ్చి చాప మీద కూర్చున్న స్త్రీ. వదులుకోవలసింది ఆమె కాదు.

రాజ్యం వైఖరీ ఇంతకు భిన్నంగా లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులుగా మారిన దళితులు నేటికీ దాని వెలుపలే ఉన్నారు. ఊరు గుర్తుపెట్టుకున్న కులాన్ని చట్టం మాత్రం మరిచిపోయినట్టు నటిస్తుంది. ఇంట్లో ఒక పేరు, ధ్రువపత్రంలో మరో పేరు మోస్తున్న విద్యార్థులను నేను ఏటా చూస్తున్నాను. మైల లేదన్న నిశ్చయం కోసం వాళ్ల ముత్తాతలు నీళ్లకూ కూలికీ దూరమయ్యారు. ఆ నిశ్చయాన్ని దాచుకుంటే తప్ప సీటు రాని పరిస్థితి వాళ్ల మునిమనవలది.

ఆత్మీయ భద్రత ఉన్నవాళ్లకు చట్టపరమైన భద్రత ఎందుకని అడిగేవారు ఒంగోలు చరిత్ర చదవాలి. క్లౌ ప్రార్థన చేయించి ఊరుకోలేదు, కాలువ తవ్వించి కూలి ఇప్పించారు. విశ్వాసం వాడకు నిటారుగా నిలబడడం నేర్పింది. అలా నిలబడినందుకు మూల్యం వాడ ఒక్కటే చెల్లించకూడదు. సంఘంలో పెత్తనం చేస్తున్నవారూ, చట్టాలు చేస్తున్నవారూ తమ వంతు వదులుకోవలసింది ఏమిటో ఇప్పటికైనా ఆలోచించాలి.