చిట్టిబాబు (వైణికుడు)

చిట్టిబాబు (అక్టోబరు 13, 1936 - ఫిబ్రవరి 9, 1996) సుప్రసిద్ధ వైణికుడు. కర్ణాటక సంగీతంతో పరిచయం లేని సామాన్య శ్రోతలకు సైతం వీణానాదాన్ని చేరువ చేసిన కళాకారులలో ఆయన అగ్రగణ్యుడు.

బాల్యము, విద్యాభ్యాసము

చిట్టిబాబు కాకినాడలో జన్మించాడు. ఇంటిపేరు చల్లపల్లి. తల్లిదండ్రులు సుందరమ్మ, రంగారావు. మొదట పెట్టిన పేరు హనుమాన్లు కాగా, ముద్దుపేరైన చిట్టిబాబే స్థిరపడింది. అయిదేళ్ళ ప్రాయంలో, తండ్రి వీణ వాయిస్తుండగా దొర్లిన తప్పును గుర్తించి సరిదిద్దాడని, అది చూసిన తండ్రి శిక్షణ ప్రారంభించాడని చెబుతారు. పన్నెండేళ్ళకే తొలి కచేరీ చేశాడు. అనంతరం గోదావరి డెల్టాలోని ద్రాక్షారామంలో 1922లో జన్మించిన మహావైణికుడు ఈమని శంకరశాస్త్రికి శిష్యుడై తన కళకు మెరుగులు దిద్దుకున్నాడు.

సినీరంగము

1948లో 'లైలా మజ్ను' చిత్రంలో బాలనటుడిగా నటించేందుకు మద్రాసు చేరుకున్నాడు. ఆ చిత్రం 1949లో విడుదలయింది. తరువాత పలువురు సంగీత దర్శకుల వాద్యబృందాలలో వీణ వాయించాడు. శ్రీధర్ దర్శకత్వంలో 1964లో వచ్చిన తమిళ చిత్రం 'కలైక్కోయిల్' ఒక వైణికుని కథ. తెరపై కథానాయకుడు మీటిన వీణ వెనుక వినిపించినది చిట్టిబాబు వాద్యమే. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన 'దిక్కట్ర పార్వతి' (1974) తమిళ చిత్రానికి ఆయన సంగీత దర్శకుడు. సినిమా జీవనోపాధిని కల్పించినా, కచేరీ వేదికపై ఏకవాద్య కళాకారుడిగా నిలబడడమే ఆయన లక్ష్యం. ఆ లక్ష్యాన్ని సాధించాడు.

వాదన శైలి, ప్రజాదరణ

వీణపై తీగను ఒక్కసారి మీటి, మెట్టు మీదనే పక్కకు లాగి అనేక స్వరాలను పలికించవచ్చు. గాత్రానికి దగ్గరైన గమకాలు ఈ విధంగానే పుడతాయి. ఈ ప్రక్రియలో చిట్టిబాబు అసాధారణ ప్రజ్ఞ కనబరచాడు. ఎంత వేగంగా వాయించినా నాదంలోని మాధుర్యం చెడేది కాదు.

వాద్య సంగీతానికి మాటల తోడు ఉండదు. రాగలక్షణం తెలియని శ్రోతకు ఆలాపన కొంత దూరంగానే ఉంటుంది. ఈ దూరాన్ని తగ్గించడానికి చిట్టిబాబు స్వయంగా చిన్న చిన్న వాద్యరచనలు చేశాడు. వాటిలో 'కొమ్మలో కోయిల' మిక్కిలి ప్రసిద్ధి పొందింది. కోయిల కూతను వీణపై అనుకరించే ఈ రచనను ఆస్వాదించడానికి శాస్త్రజ్ఞానం అవసరం లేదు. వేదమంత్రాల ఉచ్చారణను, పాశ్చాత్య సంగీతపు తునక స్వరాలను కూడా ఆయన వీణ పలికించింది. గ్రామఫోను రికార్డులు ఈ రచనలను ఇంటింటికీ చేర్చాయి.

అయితే ప్రజాదరణ కొరకు ఆయన సంప్రదాయాన్ని విడువలేదు. ఆయన కచేరీలలో త్యాగరాజాది వాగ్గేయకారుల కృతులకు, రాగం తానం పల్లవికి సముచిత స్థానం ఉండేది. కోయిల కూత కోసం వచ్చిన శ్రోత కృతిని కూడా విని వెళ్ళేవాడు. వీణకు కొత్త శ్రోతలు ఈ విధంగా ఏర్పడ్డారు.

గౌరవాలు, అస్తమయము

మైసూరు మహారాజా ఆయనను 'వైణిక శిఖామణి' బిరుదుతో సత్కరించాడు. 1990లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. 1996 ఫిబ్రవరి 9న, తన అరవయ్యవ ఏట, మద్రాసులో మరణించాడు. మద్రాసు పేరు చెన్నైగా మారినది ఆ ఏడాదే. ఆయన ధ్వనిముద్రణలకు నేటికీ శ్రోతలున్నారు.