నలందా విద్యార్థి హుయాన్‌త్సాంగ్

స్వదేశాన్ని, బంధుమిత్రులను విడిచి విద్యకై దూరదేశం వెళ్ళిన విద్యార్థికి రెండు కష్టాలు ఎదురవుతాయి. మొదటిది ఆ పరాయినేలలో నిలదొక్కుకోవడం. అక్కడి అన్నం, అక్కడి నీరు, అక్కడి భాష, అక్కడి మర్యాదలు అన్నీ కొత్తవే. రెండవ కష్టం మొదటిది తీరిన తరువాత వస్తుంది. హాయిగా కుదురుకున్నవానికి తాను ఎందుకు వచ్చాడో, ఎవరికోసం వచ్చాడో మరపునకు వచ్చే ప్రమాదం కలదు. మొదటి కష్టాన్ని దాటినవారు పెక్కుమంది. రెండవదానిని దాటినవారు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యుడు, సుమారు 1400 సంవత్సరాల క్రిందట చీనా నుండి భారతదేశానికి వచ్చి చదువుకున్న బౌద్ధభిక్షువు హుయాన్‌త్సాంగ్.

పాఠ్యపుస్తకాలు ఆయనను యాత్రికుడని పరిచయం చేస్తాయి. హర్షచక్రవర్తి కాలపు చరిత్రకు ఆయన రచన ఆధారమని చెబుతాయి. అది నిజమే. కాని ఆయన దేశాలు చూడడానికి బయలుదేరినవాడు కాడు, చదువుకోవడానికి వచ్చినవాడు.

7వ శతాబ్ది ఆరంభంలో లోయాంగ్ నగరానికి చేరువలో ఒక విద్వత్కుటుంబంలో ఆయన జన్మించాడు. భిక్షువైన అన్నగారి అడుగుజాడలలో చిన్ననాడే బౌద్ధవిహారంలో ప్రవేశించాడు. చీనాలో పేరు పొందిన ఆచార్యుల వద్ద శాస్త్రశ్రవణం చేశాడు. ఒక్కొక్క గురువు ఒక్కొక్క విధంగా అర్థం చెప్పేవాడు. చీనా భాషలోనికి వచ్చిన గ్రంథాలు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. యోగాచారభూమి శాస్త్రం సంపూర్ణంగా లభిస్తే తన సందేహాలు తీరుతాయని ఆయన విశ్వసించాడు. ఆ గ్రంథం సంస్కృతంలో, భారతదేశంలో ఉంది. అప్పటి రాజాజ్ఞ ప్రకారం దేశపు ఎల్లలు దాటడం నిషిద్ధం. అనుమతి కోరినా లభించలేదు. 629లో ఆయన చాంగాన్ నగరాన్ని విడిచి, కావలివారి కన్నుగప్పి పడమటికి సాగిపోయాడు.

ఎడారి మధ్యలో నీటితిత్తి చేజారి నీరంతా ఇసుకపాలయింది. నీటికోసం ఆయన వెనుకకు మరలి కొంతదూరం వచ్చాడు. భారతదేశం చేరేవరకు తూర్పుదిక్కుగా ఒక్క అడుగైనా వేయనని చేసుకున్న సంకల్పం అప్పుడు గుర్తుకు వచ్చింది. గుర్రాన్ని మళ్ళీ పడమటికి త్రిప్పాడు. అవలోకితేశ్వరుని స్మరిస్తూ నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు నీటిచుక్క లేకుండా గడిపాడు. చివరకు గుర్రమే దారి మళ్ళి ఒక పచ్చికబయలుకు, నీటిమడుగుకు చేర్చింది.

ఎడారి దాటిన తరువాత మరొక విధమైన పరీక్ష వచ్చింది. గావోచాంగ్ రాజు ఆయన పాండిత్యానికి ముగ్ధుడై, తన రాజ్యంలోనే రాజగురువుగా ఉండిపొమ్మన్నాడు. బ్రతిమాలాడు, చివరకు బెదిరించాడు. హుయాన్‌త్సాంగ్ మూడు దినాలు పచ్చినీరైనా ముట్టక కూర్చున్నాడు. రాజు తన తప్పు తెలుసుకొని, కానుకలతోను, పరిచయలేఖలతోను సగౌరవంగా సాగనంపాడు. దాహంతో చంపజూచిన ఎడారిని, ఆదరంతో కట్టివేయజూచిన కొలువును ఆయన ఒకే సంకల్పబలంతో దాటాడు.

కాశ్మీరంలో రెండేండ్లు నిలిచి, డెబ్బది ఏండ్ల వృద్ధాచార్యుని వద్ద శాస్త్రాలు అభ్యసించాడు. గ్రంథాలకు ప్రతులు వ్రాయడానికి ఆ దేశపు రాజు ఇరువదిమంది లేఖకులను ఇచ్చాడు. అక్కడినుండి అనేక క్షేత్రాలు సేవించుకొంటూ మగధలోని నలందా మహావిహారానికి చేరుకొన్నాడు.

నలందలో విద్యార్థిగా ప్రవేశించడం సామాన్యమైన విషయం కాదు. దూరదేశాలనుండి వచ్చినవారిని ద్వారం వద్దనే పండితులు ప్రశ్నించేవారు. పదిమందిలో ఏడెనిమిదిమంది సమాధానం చెప్పలేక తిరిగిపోయేవారని హుయాన్‌త్సాంగ్ స్వయంగా వ్రాశాడు. ఆయన కీర్తి మాత్రం ఆయనకంటె ముందే అక్కడికి చేరింది. వేయిమందికి పైగా ఎదురువచ్చి స్వాగతం పలికారు. విహారానికి పెద్ద శీలభద్రాచార్యుడు. అప్పటికి ఆయన వయస్సు 106 సంవత్సరాలని చెబుతారు. గౌరవం కొద్దీ ఎవరూ ఆయనను పేరు పెట్టి పిలిచేవారు కారు. చీనా విద్యార్థి ఆ దేశపు ఆచారం ప్రకారం మోకాళ్ళపైన, మోచేతులపైన ప్రాకుతూ సమీపించి గురుపాదాలకు శిరస్సు మోపాడు.

ఆ సమయంలో శీలభద్రుని కన్నులు చెమర్చాయి. దాని కారణాన్ని ఆయన మేనల్లుడు బుద్ధభద్రుడు సభకు వివరించాడట. గురువు పెక్కు సంవత్సరాలుగా తీవ్రమైన నొప్పులతో బాధపడుతున్నాడు. మూడేండ్ల క్రిందట దేహం చాలించాలని కూడ తలచాడు. ఆ రాత్రి స్వప్నంలో మంజుశ్రీ, అవలోకితేశ్వర, మైత్రేయ బోధిసత్త్వులు దర్శనమిచ్చి, చీనానుండి ఒక భిక్షువు వస్తాడని, అతనికి బోధించడంకోసం దేహాన్ని నిలుపుకొమ్మని ఆదేశించారు. శిష్యుడు గురువును వెదకుకొంటూ ఎడారులు దాటుతున్న కాలంలో, గురువు శిష్యునికోసం బాధను ఓర్చుకొంటూ ప్రాణం నిలుపుకొన్నాడన్నమాట.

విదేశీ విద్యార్థికి నలందలో ఏ లోటూ రానీయలేదు. మొదట బాలాదిత్యరాజు కట్టించిన భవనంలో నాలుగవ అంతస్తున బస ఇచ్చారు. ఏడు దినాల తరువాత ప్రత్యేకమైన నివాసం ఏర్పరచారు. ప్రతిదినం తమలపాకులు, 20 వక్కలు, 20 జాజికాయలు, కర్పూరం అందేవి. మగధలో మాత్రమే పండే మహాశాలి బియ్యం వండిపెట్టేవారు. పెద్ద గింజలతో, గొప్ప పరిమళంతో ఉండే ఆ బియ్యం రాజులకు, మహాపండితులకు మాత్రమే ప్రాప్తించేది. నేయి, పాలు కావలసినంత. నెలకు సరిపడ నూనె. పరిచర్యకు మనుషులు. వెలుపలికి వెళ్ళేటప్పుడు ఎక్కడానికి ఏనుగు. పదివేలమంది నివసించే ఆ విహారంలో ఇటువంటి మర్యాద పదిమందికి మాత్రమే జరిగేది. నూరు గ్రామాల ఆదాయం ఈ విద్యాదానానికే వినియోగమయ్యేది.

వేళకు భోజనం, చదువుకు శాంతి, ఆదరించే పెద్దలు లభించగా హుయాన్‌త్సాంగ్ అక్కడ ఇంటివానివలె కుదురుకొన్నాడు. శీలభద్రుడు యోగాచారభూమిని వ్యాఖ్యానించడం మొదలుపెట్టగా వేలకొలది శ్రోతలు కూడారు. ఆ పాఠం పూర్తికావడానికి 15 నెలలు పట్టింది. హుయాన్‌త్సాంగ్ ఒక్కసారి విని తృప్తిపడలేదు. మూడు మారులు విన్నాడు. హేతువిద్య, శబ్దవిద్య, పాణిని వ్యాకరణం, వైదికవాఙ్మయం సైతం అభ్యసించాడు. ఇట్లు అయిదేండ్లు గడిచాయి. చదువుకోవడానికి వచ్చినవాడు కాలక్రమాన సంస్కృతంలో 3000 శ్లోకాల పరిమాణం గల శాస్త్రగ్రంథం రచించగలవాడయ్యాడు; గురువు ఆజ్ఞపై ఆ విహారంలోనే పాఠం చెప్పగలవాడయ్యాడు.

అయినా తాను విద్యార్థినన్న మాట ఆయన మరువలేదు. దక్షిణాపథానికి బయలుదేరి కళింగం మీదుగా ఆంధ్రదేశం ప్రవేశించాడు. ఆంధ్రుల భాష మధ్యదేశపు భాషకంటె వేరని, లిపి మాత్రం చాలవరకు సమానమని గమనించి వ్రాశాడు. కృష్ణాతీరాన ధాన్యకటకంలో సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు మహాసాంఘికుల అభిధర్మంలో నిష్ణాతులని విని, కొన్ని నెలలు అక్కడనే నిలిచి వారివద్ద నేర్చుకొన్నాడు. తాను నేర్చిన మహాయానశాస్త్రాలను వారికి బోధించాడు. పిమ్మట ముగ్గురూ కలిసి తీర్థయాత్రకు బయలుదేరారు. నలందలో అగ్రాసనం పొందినవాడు మన అమరావతీ ప్రాంతంలో మళ్ళీ శిష్యుడై కూర్చున్నాడు.

నలందకు మరలివచ్చిన తరువాత, స్వదేశానికి వెళ్ళవలెనన్న తలంపు ఆయనకు బలపడింది. తోటి భిక్షువులు ప్రేమతో అడ్డుపడ్డారు. బుద్ధభగవానుడు అవతరించిన పుణ్యభూమి ఇది, దీనిని విడిచి ధర్మం అంతగా వ్యాపించని దూరదేశానికి పోవడం ఎందుకన్నారు. గావోచాంగ్ రాజు బెదిరింపుకంటె ఈ స్నేహబంధం ఎంతో బలమైనది. హుయాన్‌త్సాంగ్ వినయంగానే బదులు చెప్పాడు. ధర్మం అందరికీ చేరడానికే బుద్ధుడు దానిని ఉపదేశించాడని, తనకు లభించిన దానిని తానొక్కడే అనుభవించి, ఇంకా తెలియనివారిని మరువడం తగదని విన్నవించాడు. విషయం శీలభద్రుని వద్దకు వెళ్ళింది. ఎవనికోసం దేహాన్ని నిలుపుకొన్నాడో ఆ శిష్యుడు దూరమవుతున్నా గురువు సంతోషించాడు. తాను కోరినదీ అదేనని చెప్పి, ఎవరూ అతనిని ఆపవద్దని ఆజ్ఞాపించాడు.

తిరుగుప్రయాణంలో సింధునది దాటుతుండగా సుడిగాలికి పడవ ఊగిపోయి 50 గ్రంథప్రతులు నీటిపాలైనాయి. 645లో 657 గ్రంథాలతో ఆయన చాంగాన్ చేరినప్పుడు నగరమంతా ఎదురువచ్చింది. చక్రవర్తి రాజపదవి స్వీకరించమన్నాడు. హుయాన్‌త్సాంగ్ దానిని కాదని అనువాదానికి కూర్చున్నాడు. ఏ గ్రంథంకోసం ఎడారి దాటాడో ఆ యోగాచారభూమి 648 నాటికి నూరు భాగాలుగా చీనా భాషలోనికి వచ్చింది.

652లో భారతదేశంనుండి పాత సహాధ్యాయుల లేఖ, రెండు తెల్లని నూలుబట్టలు ఆయనకు అందాయి. 654లో ఆయన ప్రత్యుత్తరం వ్రాశాడు. శీలభద్రుడు నిర్యాణం చెందాడని అప్పటికే తెలిసి ఉన్నందున ఆ లేఖలో తన దుఃఖాన్ని విన్నవించాడు. గురువు వద్ద విన్న శాస్త్రాన్ని అనువదించిన సంగతి తెలిపాడు. సింధునదిలో పోయిన గ్రంథాల జాబితా జతపరచి, వీలయితే మరల ప్రతులు పంపవలసిందని అర్థించాడు. దేశమంతా ఆచార్యుడని కొలుస్తున్నా, నలందకు మాత్రం ఆయన పాఠంలో మిగిలిన లోటును పూరించుకోగోరే శిష్యుడుగానే ఉండిపోయాడు.

664లో కన్నుమూసేనాటికి ఆయన 75 గ్రంథాలను అనువదించాడు. సంస్కృతమూలాలు కాలగర్భంలో కలిసిపోయిన కొన్ని శాస్త్రాలు నేటికీ లోకానికి దక్కుతున్నవంటే అది ఆయన చలువయే.

నేడు మన బిడ్డలు ఎందరో చదువుకై సముద్రాలు దాటి వెళ్తున్నారు. అక్కడ వారికి మంచి బస, మంచి భోజనం, మంచి గురువులు లభించాలని ప్రతి తల్లీ తండ్రీ భగవంతుని ప్రార్థిస్తారు. ఆ ప్రార్థన సముచితమైనదే. వారు అక్కడ నిలిచినా, తిరిగి వచ్చినా, తాము నేర్చినది తెలియనివారికి అందించవలెననే బుద్ధి కూడ వారికి కలగాలని ప్రార్థించడం అంతకంటె సముచితం. మహాశాలి అన్నం తింటూ కూడ స్వజనుల జ్ఞానాకలిని మరువని హుయాన్‌త్సాంగ్ చరిత్ర వారికి దారి చూపుగాక!