దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులుగారు

ఉగాది సంచిక వెలువరిస్తూ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని తలచుకొనకుండా ఉండలేము. పొట్ట చేతబట్టుకొని పరాయి ఊరు చేరిన మనబోటి తెలుగువారికి ఆయన పెద్దన్నగారు. ఉగాదికి ప్రత్యేక సంచిక అనే ముచ్చటను మన ఇళ్ళకు అలవాటు చేసినదీ ఆయన ఆంధ్రపత్రికయే.

పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి పట్టభద్రులై, బ్రతుకుతెరువుకై కలకత్తాకు, పిదప బొంబాయికి వెళ్ళారు. కొన్నాళ్ళు ఒకరి కొలువు చేసి, 1893లో బొంబాయిలోనే అమృతాంజనం తయారీకి పూనుకొన్నారు. పేరు తెలియని మందును ఎవరు కొంటారు? సంగీత సభలకు వచ్చినవారికి ఊరికే పంచిపెట్టించారు. ఒకసారి రాసుకొని సుఖపడినవారు మరల అడగక మానరని ఆయన లెక్క కాబోలు. ఆ లెక్క తప్పలేదు.

ఇంతవరకు ఇది ఒక వర్తకుని కథ. చేతికి డబ్బు వచ్చిన పిమ్మట ఆయన ఏమి చేశారన్నదే మనకు కావలసినది. 1908లో బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు. 1914లో అది మద్రాసుకు తరలి దినపత్రిక అయినది. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వంటి గ్రంథాలు ఈ మాలలోనివే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి మరణంతో ఆగిన విజ్ఞాన సర్వస్వాన్నీ ఆయన భుజాన వేసుకొన్నారు.

ఇవేవీ లాభసాటి బేరాలు కావు. మందు ఆర్జించినది, అక్షరం ఖర్చుపెట్టినది. అయితే ఇది వట్టి దానం కాదు. పత్రిక చేరిన ఊరికల్లా మందు ప్రకటనా చేరేది. ఒకదాని చేయి పట్టుకొని మరొకటి నడిచింది. ఏటేటా చందా పుస్తకంతో గడప గడపా ఎక్కిదిగే మన కార్యదర్శులకు ఈ ఏర్పాటులోని హాయి వేరే చెప్పనక్కరలేదు.

అడిగినవారికి లేదనక ఇచ్చి విశ్వదాత అనిపించుకొన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. కోస్తా, రాయలసీమ పెద్దలు 1937లో ఒడంబడిక చేసుకొన్నది మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగులోనే.

మందు వ్యాపారం 1936లో లిమిటెడ్ కంపెనీ అయినది. పంతులుగారు 1938లో కన్నుమూశారు. ఆయన పోయిన తరువాత అర్ధశతాబ్దానికి పైగా నడిచి, 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయినది. అమృతాంజనం సీసా మాత్రం నేటికీ మన ఇళ్ళ అలమరలలో ఉన్నది.