క్రిస్మసు చెట్టును ఇంటింటికి చేర్చిన ఆల్బర్టు రాకుమారుడు

డిసెంబరు మాసము వచ్చినదనగానే నల్లగొండ, పాలమూరు జిల్లాలలోని మన సంఘస్థుల ఇండ్లలో పిల్లలకు కాలు నిలువదు. సరుగుడు కొమ్మ దొరికితే సరే, లేనిచో చేతికందిన ఏదో ఒక పచ్చని కొమ్మను తెచ్చి, తడి ఇసుక నింపిన డబ్బాలో నిలిపి, రంగు కాగితములు, బుడగలు, కొనకు ఒక నక్షత్రము కట్టుదురు. మంచు ఎరుగని మన మెట్ట ప్రాంతములో దూది పింజలే మంచు. ఇది చూచి కొందరు పెద్దలు, ఈ చెట్టు వాక్యములో ఎక్కడున్నది, తెల్లవారి ఆచారము మనకెందుకు అని అడుగుచుందురు. వారి ప్రశ్న న్యాయమైనదే. వాక్యములో లేదు. అయితే అది తెల్లవారందరి ఆచారమును కాదు. ఇంగ్లాండు ప్రజలకు సైతము ఒకప్పుడు అది పొరుగు దేశపు వింతయే. వారి ఇండ్లలోనికి దానిని తెచ్చెనని పేరుపొందిన ఆల్బర్టు రాకుమారుని జీవితమును ఇక్కడ కొంత తెలియజేయ దలచితిమి.

ఆల్బర్టు 1819 ఆగస్టు 26న జర్మను దేశమందలి కోబర్గు పట్టణము దగ్గర రోజెనౌ అను భవనములో జన్మించెను. తలిదండ్రులకు పొసగలేదు. 1824లో తల్లి లూయీస్ ఇల్లు విడిచి వెళ్ళవలసి వచ్చెను. అప్పటికి బాలునికి అయిదేండ్లు. మరల అతడు తల్లి ముఖము చూడలేదు. ఆమె 1831లో పారిస్ నగరములో మరణించెను. అన్న ఎర్నెస్టు, తాను ఒకరికొకరు తోడుగా పెరిగిరి. క్రిస్మసుకు ముందు రాత్రి ఇంటిలో ఫర్ చెట్టును నిలిపి, దానికి చిన్న మైనపు వత్తులు వెలిగించి, పిల్లలకు కానుకలిచ్చుట జర్మను కుటుంబములలో అదివరకే ఉన్న అలవాటు. ఆల్బర్టు ఎరిగిన క్రిస్మసు అదే.

1840 ఫిబ్రవరి 10న తన మేనత్త కుమార్తె విక్టోరియా రాణిని వివాహమాడెను. అతనికి ఇరువది యేండ్లు. ఇల్లరికపు అల్లుని కష్టములు మన పల్లెలలో తెలియని వారు లేరు; రాజభవనములోనైనను అవి తప్పలేదు. పరదేశి యని జనులు అనుమానించిరి. ఏటేట ఇవ్వదలచిన 50,000 పౌనుల భత్యమును పార్లమెంటు 30,000కు తగ్గించెను. రాజ్యవ్యవహారములలో మొదట అతనికి చోటు లేకుండెను. తనదని చెప్పుకొనుటకు మిగిలినది కుటుంబమే. 1840 నవంబరులో మొదటి కుమార్తె, మరుసటి నవంబరులో కుమారుడు పుట్టిరి. మొత్తము తొమ్మండుగురు బిడ్డలు. విండ్సరు కోటలో ప్రతి క్రిస్మసుకు వారి కొరకు చెట్లను నిలిపి, సేవకులెందరున్నను తన చేతులతోనే అలంకరించుచుండెను. కొన్ని సంవత్సరములు పైకప్పునకు వ్రేలాడు దీపగుచ్ఛములను తీయించి, వాటి చోట చెట్లనే వ్రేలాడదీసిరి. తల్లిలేని బాల్యము గడిపినవాడు తన బిడ్డలకు పండుగ లోటు రానీయకూడదని తలచియుండునని మా నమ్మకము.

అయితే ఆ దేశములో మొదటి చెట్టు ఇతనిదేనని చెప్పుట పొరపాటు. 1800 డిసెంబరులోనే, మూడవ జార్జి భార్యయగు షార్లెటు రాణి విండ్సరులో ఒక చెట్టును అలంకరింపజేసి అక్కడి పిల్లలను పిలిచెను. ఆమెయు జర్మను ఆడపడుచే. మార్టిన్ లూథరు అడవిలో నక్షత్రములను చూచి మొదటి చెట్టును వెలిగించెనను కథ మన సండే స్కూళ్లలో వినుచుందుము. ఆయన కాలపు ఆధారము దానికి లేదు.

మరి పేరు ఆల్బర్టుకు ఎందుకు వచ్చినది? ఒక బొమ్మ వలన. 1848లో లండను నగరపు చిత్రపత్రిక యొకటి రాజకుటుంబము బల్లమీది చెట్టు చుట్టు నిలిచియున్న చిత్రమును ముద్రించెను. కొమ్మలకు మిఠాయిలు, వత్తులు, కొనయందు దేవదూత. రాజాజ్ఞ యేదియు లేదు, సంఘపు తీర్మానము లేదు. తలిదండ్రులు, బిడ్డలు, చెట్టు, అంతే. చూచినవారు తమ ఇండ్లలోను అట్లే చేయసాగిరి. ఆల్బర్టు పాఠశాలలకు, సైనికుల నివాసములకు కూడ చెట్లను పంపించుచుండెను. 1850లో ఫిలడెల్ఫియా నగరమునుండి వెలువడు స్త్రీల పత్రిక అదే బొమ్మను తిరిగి అచ్చువేయుచు, రాణి కిరీటమును, ఆల్బర్టు మీసమును తీసివేసెను! రాజకుటుంబము కాస్త సామాన్య అమెరికా కుటుంబమైనది. ఆ తరువాత కొన్ని దశాబ్దములకు ఆ అమెరికానుండి బాప్టిస్టు మిషనరీలు పాలమూరుకు వచ్చిరి. రష్యా దేశమందు స్థిరపడిన జర్మను భాషా కుటుంబములనుండి ఫ్రీసెన్ దంపతులు నల్లగొండకు వచ్చిరి.

ఆల్బర్టు చేసిన ఇతర కార్యములు అనేకములు. 1840లో బానిస వ్యాపార నిర్మూలనము కొరకు బహిరంగసభలో మాటలాడెను. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనమును నడిపించినవారిలో ముఖ్యుడు; దానిని చూడవచ్చిన వారు అరువది లక్షలు. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో దొరికినదని చెప్పుకొను కోహినూరు వజ్రము అక్కడ జనులకు అంతగా మెరయలేదు. 1852లో దానిని మరల సానపట్టించినది ఇతడే. బరువు సగమునకు కొంచెము ఎక్కువగా మాత్రమే మిగిలెను. ఇంత చేసినను భార్య ద్వారా తగిన బిరుదు లభించుటకు 1857 వరకు ఆగవలసి వచ్చెను.

1861లో క్రిస్మసు దగ్గరపడుచుండగా విండ్సరులో జ్వరము వచ్చి పడకపట్టెను. వైద్యులు టైఫాయిడు అనిరి. డిసెంబరు 14 రాత్రి మరణించెను. వయస్సు నలుబది రెండు. పండుగకు ఇంక పదకొండు దినములున్నది. రాణి బిడ్డలతో విండ్సరు విడిచి, సముద్రపు దీవిలోని ఆస్బర్ను గృహమునకు వెళ్ళిపోయెను. కడగొట్టు బిడ్డ బియాట్రిసుకు అప్పటికి నాలుగేండ్లు.