డార్విన్‌కు బదులు పలికిన వనిత

న్యూయార్కు రాష్ట్రమందలి హెన్రియెట్టాలో 1825లో జన్మించిన ఆంటొయినెట్ బ్రౌన్ ఓబర్లిన్ కళాశాలలో క్రైస్తవ మతశాస్త్రము చదివి ముగించినను, స్త్రీ యగుటచే ఆమెకు పట్టము లభింపలేదు. 1853లో ఒక చిన్నయూరి చర్చికి బోధకురాలయ్యెను; అమెరికాలో అట్టి పదవి పొందిన తొలి స్త్రీ ఆమెయే యందురు. శామ్యూల్ బ్లాక్‌వెల్‌ను పెండ్లాడి, బిడ్డలను పెంచుచునే ప్రకృతిశాస్త్రములు పఠించెను. 1869లో వెలువడిన తన గ్రంథమును డార్విన్‌కు పంపగా, ఆయన మర్యాదగా బదులు వ్రాసెను గాని, గ్రంథకర్త పురుషుడనియే తలచెను!

1871లో డార్విన్, తరతరముల పోటీచే పురుషుడు బుద్ధియందును స్త్రీని మించెనని వ్రాసెను. బ్లాక్‌వెల్ 1875లో ఒక పుస్తకము ప్రకటించి దానిని ఖండించెను. మగజంతువు బలమును, కొమ్ములను, రంగుల ఈకలను లెక్కించినవారు, గర్భధారణకును స్తన్యమునకును ఆడజంతువు వెచ్చించు శక్తిని లెక్కింప మరచిరని ఆమె వాదము. కీటకములు మొదలు మానవుని వరకు పట్టికలు వ్రాసి, ఉభయులను తూచి, సరిసమానమని తేల్చెను. ఆ పట్టికలలో కొలతలు లేవు; తూకము ముందే నిర్ణయమైనట్లు తోచును. అయినను ప్రశ్న గట్టిది. ఆమె చూపిన వ్యయమునకు నేడు అంకెలు కలవు: పాలిచ్చు తల్లికి దినమునకు సుమారు 500 కాలరీల ఆహారము అదనముగా వలయును.

అమెరికా దేశమంతట స్త్రీలకు ఓటుహక్కు లభించిన 1920లో, 95 ఏండ్ల వయస్సున, ఆమె ఓటు వేసెను. మరుసటి సంవత్సరము మరణించెను.